చేపకు నొప్పి పుట్టదా సార్

ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అన్నం ముద్ద మింగితే ముల్లు దిగిపోతుందంటారు. ఏళ్ల తరబడి ముద్దలు మింగుతూనే ఉన్నాను. దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పబోయినప్పుడల్లా నాలుక మడతపడి, ఇంకేదో లోకాభిరామాయణం చెప్పి లేచివచ్చాను. మొన్నటిదాకా నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె దగ్గర నేను జీవితంలో దాచింది ఇదొక్కటే అని రాయబోయి ఆగాను. అదీ అబద్ధమే. చాటుగా కాల్చిన సిగరెట్ల సంగతి కూడా దాచాను. చూశారా, నిజం చెప్పడానికి కూర్చున్నవాడి కలం మొదటి పేజీలోనే ఎలా జారబోయిందో.

సరే, చెప్పేస్తాను. ఒక ఆడపిల్ల చిన్నపిల్లల కోసం రాసిన కథల పుస్తకాలను నా నోటితో నేను చంపాను. ఆ నేరం తీసుకెళ్లి ఒక మంచి మనిషి నెత్తిన పెట్టాను. ఆ మనిషి మొన్న మిరపకోతల రోజుల్లో చనిపోయారు. ఆయన పోయాక ఒక సంగతి విన్నాను. ఆ దెబ్బకు ఇంకా తేరుకోలేదు. రాస్తుంటే అక్షరాలు వంకరపోతున్నాయి. అక్షరాలు వంకరగా ఉంటే ఒకప్పుడు పిల్లల్ని తిట్టేవాణ్ణి.

మాది పొదిలి వైపు మెట్ట ఊరు. మావాళ్లు పొగాకు, మిరప వేసిన రైతులు. నేను తెలుగు మాష్టర్నయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం కొత్తపట్నం పక్కన సముద్రపొడ్డు పల్లెల్లో గడిచింది. రిటైరయ్యాక ఒంగోల్లో స్థిరపడ్డాను.

నా గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నేను పని చేసిన బడిలోనే మా అమ్మాయి చదివింది. దాని తెలుగు పేపరు నేనే దిద్దేవాణ్ణి. దానికి రావలసినదానికంటే ఒక మార్కు తగ్గించి వేసేవాణ్ణి. సొంత కూతురికి దోచిపెట్టాడని రేపు ఎవరూ అనకూడదు కదా. మా వృత్తిలో చాలామంది చేసే పనే ఇది, దాన్ని నిజాయితీ అంటాం. స్టాఫ్ రూములో "మాష్టారు ధర్మప్రభువండీ" అంటే లోపల పొంగిపోయేవాణ్ణి. మా అమ్మాయి మాత్రం "మా నాన్న చేతిలో పడటం నా ఖర్మ" అనేది. అందరం నవ్వేవాళ్లం. ఆ మార్కు ఎవరిది? దానిదే. నా మంచిపేరు కోసం దాని జేబులోంచి తీసుకున్నాను. ఈ మాట నాకు అప్పుడు తట్టలేదు.

ఇక పోటీ సంగతి.

గుంటూరులో ఒక చిన్న క్రైస్తవ పుస్తకాల సంఘం ఉండేది. పేరు చెప్పను. వాళ్లు పిల్లల కోసం ఊహాలోకపు కథల పోటీ పెట్టారు. ఒక్క కథ పంపితే కుదరదు, వరుసగా కొన్ని భాగాలుగా సాగాలి. మాట్లాడే జంతువులుండాలి, ఎవరూ చూడని లోకాలుండాలి, మంచికీ చెడుకీ పోరాటం ఉండాలి. చదివిన పిల్లల మనసులో ప్రభువు ప్రేమ నాటుకోవాలి. గెలిచిన పుస్తకాలను అచ్చువేసి చుట్టుపక్కల జిల్లాల సండే స్కూళ్లన్నిటికీ పంచుతారు. న్యాయనిర్ణేతలు ముగ్గురు. సంఘం కార్యదర్శి గారు, చీరాల నుంచి ఒక పాస్టరు గారు, నేను.

దేవుడి గదిలో రోజూ దీపం పెట్టుకునే నన్నెందుకు పిలిచారని మీరడగవచ్చు. నేనూ అడిగాను. కార్యదర్శి గారు ఇంటికొచ్చి, "విశ్వాసం సంగతి మేం చూసుకుంటాం మాష్టారూ, తెలుగు సంగతి మీరు చూడండి" అన్నారు. పైగా గుంటూరు రావడానికి కారు పంపుతామన్నారు. రిటైరైన బడిపంతులుకు కారు పంపుతామంటే ఛాతీ ఎంత పొంగుతుందో మీకు చెప్పక్కర్లేదు. వీధిలో నలుగురికీ ఏదో ఒక వంకతో ఆ మాట చెప్పుకున్నాను.

రాసినవాళ్ల పేర్లు తీసేసి కట్టలు పంపారు. షరతు ఒక్కటే. రాత ఎవరిదో గుర్తుపడితే వెంటనే చెప్పి, ఆ కట్ట వరకు పక్కకు తప్పుకోవాలి.

చదవడం మొదలుపెట్టాను. ఒకాయన దేవదూతలకు రెక్కలతోపాటు ఉపన్యాసాలు కూడా తగిలించాడు. ఇంకొకరి అడవిలో కుందేలు నుంచి ఏనుగు దాకా అందరూ బోధకులే, ఒక్క జంతువూ కాసేపు నోరు మూసుకోదు. పిల్లలు చదివితే నిద్ర గ్యారంటీ. తరువాత ఆ కట్ట చేతికొచ్చింది. చేతిరాతతో నాలుగు భాగాలు. పేరు 'ఉప్పుదీవి పిల్లలు'.

ఉప్పెన వచ్చి పల్లె మునిగిపోతుంటే ముగ్గురు పిల్లలు ఒక పాత పడవలో చిక్కుకుంటారు. తెడ్డు లేదు, చుక్కాని లేదు. అప్పుడు నీళ్లలోంచి కొండంత చేప లేస్తుంది. దాని తలమీద కొమ్ము. పిల్లలు తాడు విసిరి ఆ కొమ్ముకు కడతారు. చేప పడవను లాక్కుంటూ ఎవరూ చూడని ఒక దీవికి పోతుంది. ఆ తెలుగు ఏం తెలుగండీ! ఎండిన వల వాసన, తడి ఇసుక వాసన వచ్చే తెలుగు. మొదటి భాగంలో ఉండగా కాఫీ చల్లారిపోయింది. రెండో భాగం దగ్గర నా భార్య భోజనానికి పిలిస్తే విసుక్కున్నాను.

మూడో భాగంలో ఒకచోట ఆగిపోయాను. పిల్లల్లో చిన్నది చేపను అడుగుతుంది, తాడు కొమ్ముకు కడితే నీకు నొప్పి పుట్టదా అని. పుడుతుంది, అయినా విప్పకండి, అంటుంది చేప.

ఆ ప్రశ్న నేను అంతకుముందే విన్నాను.

తుపాను రోజు. ఎనిమిదో తరగతి. పిల్లల్ని ఇళ్లకు పంపడానికి లేదు. రేకుల మీద వాన హోరు. సగంమంది తండ్రులు వేటకు వెళ్లి సముద్రంలో ఉన్నారు. పిల్లల ముఖాలు పాలిపోయి ఉన్నాయి. వాళ్ల మనసు మళ్లిద్దామని మత్స్యావతారం కథ ఎత్తుకున్నాను. లోకమంతా నీట మునిగినప్పుడు విష్ణువు చేపగా వచ్చి, కొమ్ముకు పడవ కట్టించుకుని లాక్కుపోయిన కథ. ఊరికే చెబితే వినరని బావి దగ్గరి చేదతాడు తెప్పించాను. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస పిల్లల చేతికిచ్చాను. ఊచ చేప కొమ్ము, బెంచీలు పడవ. తాడు పట్టుకుని ఊగుతూ పిల్లలంతా అరిచిన అరుపులకు వాన వినపడకుండా పోయింది.

అప్పుడు ముందు బెంచీలో ఒక పిల్ల లేచింది. పేరు ఎస్తేరు. వాళ్ల నాన్న కూడా ఆ రోజు సముద్రంలోనే ఉన్నాడు. తిరిగొచ్చాడులెండి. "చేపకు నొప్పి పుట్టదా సార్?" అని అడిగింది.

"దేవుడికి నొప్పేంటే, కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. అది నవ్వలేదు.

ఇన్నేళ్లకు ఆ పిల్ల తన ప్రశ్నకు తనే జవాబు రాసుకుంది. నాలుగో భాగం చివర మాయచేపలు చాలా వస్తాయి. అన్నీ మేమే మిమ్మల్ని కాపాడినవాళ్లం అంటాయి. అన్నిటికీ కొమ్ములు నిగనిగలాడుతుంటాయి. ఒక్క చేప కొమ్ముకు మాత్రం తాడు కోసుకుపోయిన గాయం. ఆ గాయాన్ని చూసి పిల్లలు తమ చేపను గుర్తుపడతారు. నేను బడిలో ఇచ్చిన తాడు పట్టుకుని ఆ పిల్ల మేకుల గాయాలున్న తన దేవుడి దగ్గరికి వెళ్లింది. చదివి ఏడ్చాను. మాష్టారు ఉద్యోగం చేసినందుకు నాకు అంతకంటే ఏం కావాలి?

అప్పుడే ఫోను చేసి చెప్పాల్సింది, ఈ రాత నా శిష్యురాలిది, నేను తప్పుకుంటున్నానని. చెయ్యలేదు. తప్పుకుంటే నా మార్కు దానికి పడదు కదా అనుకున్నాను. తెలియనట్టే కూర్చుని గెలిపిద్దాం అనుకున్నాను. నమ్మండి, మొదట అనుకున్నది అదే. కారు పోతుందన్న బెంగ కూడా అందులో ఉందా? ఉండే ఉంటుంది.

గుంటూరులో సమావేశం. ఎండాకాలం మొదలు. మిర్చియార్డుకు పోయే లారీలు కిటికీ కిందనుంచే వెళ్తున్నాయి. ఘాటుకు ముగ్గురం తుమ్ముకుంటూ కూర్చున్నాం. పాస్టరు గారే ముందు అందుకున్నారు. "బహుమతి 'ఉప్పుదీవి పిల్లలు'కే ఇచ్చి తీరాలండీ. మా మనవరాలికి చదివి వినిపించాను. తాడు తెచ్చి మంచంకోడుకు కట్టుకుని కూర్చుంది" అన్నారు. ముఖమంతా నవ్వు.

కార్యదర్శి గారు నావైపు తిరిగారు. "మాష్టారూ, మీకెలా అనిపించింది?"

ఏమైందో చెబుతాను. నాకు లోపల భయం పట్టుకుంది. నేను కూడా నోరారా మెచ్చుకుంటే నా ముఖం చూసి కనిపెడతారేమో, నీకు ఈ పిల్ల తెలుసు కదా అంటారేమో అనిపించింది. కొంచెం తగ్గించి చెబితే అనుమానం రాదు. పాత అలవాటు, చెయ్యి తనంతట తనే ఒక మార్కు తీసేసింది. "భాష చాలా బాగుందండీ. కాకపోతే ఇది మా మత్స్యావతారం కథే కదా" అన్నాను. నవ్వుతూ అన్నాను.

కార్యదర్శి గారి ముఖంలో నెత్తురు లేదు. "అంటే?" అన్నారు.

అక్కడైనా ఆగవచ్చు. ఆగలేదు. అడిగేవాడు దొరికాడు కదా! ప్రళయం, పడవ, కొమ్ము, తాడుగా మారిన పాము, అన్నీ విడమరిచి చెప్పాను. ఒక పద్యం కూడా రాగం తీసి చదివాను. ఒక ఆడపిల్ల బతుకు బల్లమీద ఉంటే నేను పద్యం చదివాను! ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్చీలో కూర్చున్నవాడెవడో నాకే తెలియనట్టుంటుంది.

పాస్టరు గారు ఊరుకోలేదు. "ప్రవక్తను మోసుకొచ్చి ఒడ్డున దించిన చేప మా బైబిలు వాక్యంలోనూ ఉందండీ. కథ ఎక్కడ మొదలైతే ఏంటి, ఎక్కడికి చేరిందో చూడండి" అని వాదించారు. కార్యదర్శి గారు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. పాస్టరు గారు చివరికి నావైపు తిరిగి దాదాపు బతిమాలినట్టు అడిగారు. "మీరు చెప్పండి మాష్టారూ. మీ కథలో చేపకీ ఈ చేపకీ తేడా లేదంటారా?"

ఉంది. నాకు తెలుసు. ఆ గదిలో నా అంత బాగా ఎవరికీ తెలియదు. నేను చెప్పిన కథలో చేపకు నొప్పి లేదు, ఈ చేపకు ఉంది. ఆ ఒక్క ముక్క చాలు. కార్యదర్శి గారు మూర్ఖుడేం కాదు, వినేవారే.

"పెద్దగా లేదండీ" అన్నాను.

ఎందుకన్నాను? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో లెక్కలేదు. అంత పాండిత్యం ఒలకబోశాక వెనక్కి తీసుకోవడానికి సిగ్గేసిందా? గాయం గురించి మాట్లాడితే నా గొంతు వణికి దొరికిపోతాననా? పాస్టరు గారు నాకంటే బాగా చదివారని ఒప్పుకోవలసి వస్తుందనా? అన్నీ నిజమే అనిపిస్తాయి. ఏదీ సరిపోదనిపిస్తుంది. "రాసినవాళ్లెవరో మీకేమైనా తెలుసా?" అని కార్యదర్శి గారు చివర్లో అడిగారు. తెలియదన్నాను. బయట కారు సిద్ధంగా ఉంది. ఎక్కి ఇంటికొచ్చాను.

బహుమతి రాదు, అంతే కదా అనుకున్నాను. అంతటితో ఆగలేదు. పుస్తకాల సంఘంవాళ్లు కట్ట తిప్పిపంపుతూ, ఇందులో మత్స్యావతారమనే అన్యదేవత కథ ఉందని ఎస్తేరు పల్లెలోని చర్చి పెద్దలకు కబురు పెట్టారు. ఎస్తేరు అక్కడ సండే స్కూలు పిల్లలకు కథలు చెప్పేదట. సాయంత్రాలు ఒడ్డున లాగిపెట్టిన పడవల నీడలో కూర్చుని చెబుతుంటే, ఊళ్లో పిల్లలంతా అక్కడే ఉండేవాళ్లట. పెద్దలు ఆపించేశారు. తల్లులు పిల్లల్ని చెయ్యిపట్టి లాక్కెళ్లారు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆమే వచ్చి చెప్పింది.

ఆ రోజు ఒంగోల్లో మా వరండాలో కూర్చుంది. చేతిలో వాళ్లమ్మ పంపిన ఎండురొయ్యల సంచి. మనిషి సగమైంది. ఆ మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

"సార్, ఆ పోటీకి మీరు కూడా ఉన్నారంటగా. నాకు మొన్నే తెలిసింది."

"ఉన్నానమ్మా."

"మీరున్నారని తెలిశాక కొంచెం ఊపిరొచ్చింది సార్. మీరొక్కరైనా నా వైపు మాట్లాడుంటారు. మాట్లాడారు గదా?"

ఆమె కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. కాదు అనే మాట నోటిదాకా వచ్చింది. ఒట్టు, వచ్చింది.

"మాట్లాడానమ్మా. నా ఒక్కడి మాట నెగ్గలేదు."

"నాకు తెలుసు సార్." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మరి మత్స్యావతారం అని అన్నదెవరు సార్? ఆ చీరాల పాస్టరు గారేనా? ఆయన చిన్నప్పుడు మీ మతమేనంట. ఆయనకైతే ఆ కథలన్నీ తెలిసుంటయ్యి."

నేను పారిపోవడానికి తలుపు తనే తీసిపెట్టింది. నేను చెయ్యాల్సిందల్లా అందులోంచి నడవడమే.

"ఆయన భయాలు ఆయనవమ్మా" అన్నాను. పేరు చెప్పలేదు, గమనించండి. పేరు చెప్పకుండానే ఒక మనిషిని అప్పగించవచ్చని ఆ రోజు నేర్చుకున్నాను.

"అది మీరు చెప్పిన కథే సార్. వాన రోజు, కిటికీకి తాడు కట్టి. గుర్తుందా?"

"లేదమ్మా. ఎన్ని క్లాసులు, ఎన్ని కథలు."

అన్నిటికంటే హీనమైన అబద్ధం ఇదే. ఆమె రొయ్యల సంచి నా కుర్చీ పక్కన పెట్టింది. తరువాత మెల్లగా చెప్పింది. "నాలుగు భాగాలూ పొయ్యిలో పెట్టేశాను సార్. పిల్లలకి నావల్ల కీడంటే ఇంకెందుకవి."

నాలుగు భాగాలు! ఇంకో ప్రతి లేదు. నేను అప్పుడైనా కుర్చీలోంచి కిందపడి ఏడవాల్సింది. "అయ్యో, ఎంత పని చేశావమ్మా" అన్నాను. నేను దాన్ని తప్పుపట్టాను, విన్నారా? వెళ్తూ వెళ్తూ నా చెయ్యి కళ్లకద్దుకుంది. ఆ రొయ్యలు నా భార్య వంకాయతో వండింది. తినలేకపోయాను. కడుపులో బాగాలేదన్నాను.

అప్పటినుంచీ ఏటా గురుపూజోత్సవం నాడు పొద్దున్నే ఆమె ఫోను చేసేది. "మీరు బాగుండాలి సార్" అనేది. ఆ రోజు దగ్గర పడుతుంటే నాకు జ్వరం వచ్చినట్టుండేది. ఏదో ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. మళ్లీ రాస్తున్నావా అని ఒకసారి అడిగాను. "లెక్కలైతే ఎవరూ తప్పు పట్టరు గదా సార్" అంది.

పాస్టరు గారిని ఆ తరువాత ఒక్కసారే చూశాను, రెండు మూడేళ్లకు, చీరాల స్టేషన్లో. నేను తప్పించుకుపోబోతుంటే ఆయనే వచ్చి పలకరించారు. టీ ఇప్పించారు. ఆరోగ్యం జాగ్రత్త మాష్టారూ అన్నారు. పాపం, ఈయనకేమీ తెలియదు, అనుకున్నాను. రైలెక్కాక నిశ్చింతగా పడుకున్నాను కూడా.

మొన్న ఆయన పోయారని తెలిసి, జ్ఞాపకార్థ కూడికకు చీరాల వెళ్లాను. ఎందుకు వెళ్లాను? మర్యాద కోసమనుకున్నాను. మనిషి పోయాడు, ఇక బయటపడే దారి లేదన్న ధీమా కూడా ఉందేమో, నాకు తెలియదు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. వెళ్లొస్తానని చెప్పడానికి ఆయన భార్య, పాస్టరమ్మ గారి దగ్గరికి వెళ్లాను. ఆమె నన్ను అంతకుముందెప్పుడూ చూడలేదు. పేరు చెప్పగానే లేచి నిలబడ్డారు.

"మీరేనా మాష్టారు" అన్నారు. "ఆ కొత్తపట్నం పిల్ల ఆ ఏడే ఒకసారి ఇక్కడికొచ్చిందండీ. చర్చి ముందు నలుగురిలో ఆయన్ని నిలబెట్టి కడిగేసింది. 'మీ మాట వల్లే నా పుస్తకాలు పోయినయ్యి, నాకా కథ చెప్పిన మాష్టారొక్కరే నా వైపు నిలబడ్డారు' అని. నాకు ఒళ్లు మండిపోయింది. జరిగింది నాకు తెలుసు గదండీ, ఆ రోజు గుంటూరు నుంచొచ్చి అన్నం కూడా తినలా ఆయన. నిజం చెప్పెయ్యండి అన్నాను. ఆయన వినలా."

"ఏమన్నారమ్మా?"

"'మనోళ్ల మీద ఆ పిల్లకి నమ్మకం పోయింది. మిగిలింది ఆ మాష్టారొక్కరే. అదీ నేను తీసేస్తే ఇంక దేన్ని పట్టుకుంటది' అన్నారండీ. మాష్టారే చెప్తార్లే, ఆయనకి వీలైనప్పుడు, అన్నారు." ఆమె గొంతులో కోపం లేదు. "భోంచేసి వెళ్లండి" అన్నారు.

అన్నీ తెలుసు. స్టేషన్లో టీ ఇప్పించిన రోజున కూడా తెలుసు. ఆ పిల్ల నా శిష్యురాలని, ఆ కథ చెప్పింది నేనేనని, నేను గుంటూరులో చెప్పిన అబద్ధం, వరండాలో చెప్పిన అబద్ధం, అన్నీ తెలిసి నా ఆరోగ్యం అడిగారు. నలుగురిలో తిట్లు తిని, ఆ పిల్ల దగ్గర నా పరువు నిలబెట్టి వెళ్లిపోయారు. తాడు కోసుకుపోతున్నా విప్పొద్దన్న చేప కథను నేను రెండుసార్లు చదివాను. మనిషి ఒకడు నా ఎదుట నిలబడి అదే పని చేస్తుంటే గుర్తుపట్టలేదు. షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు.

భోంచెయ్యలేదు. ఇంటికీ వెళ్లలేదు. బస్సు దిగి ఆటో మాట్లాడుకుని తిన్నగా ఎస్తేరు ఊరికి వెళ్లాను. ఆదివారం, ఇంట్లోనే ఉంది. నన్ను చూసి సంబరంగా కుర్చీ వేసింది. కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ మాష్టార్నైపోతానని భయం.

"మత్స్యావతారం అని అన్నది నేనమ్మా" అన్నాను. "పాస్టరు గారు నీ కోసం చివరిదాకా వాదించారు. వాన రోజు నాకు గుర్తుంది. గుర్తులేదని అబద్ధం చెప్పాను." చీరాలలో విన్నది కూడా చెప్పాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

ఎస్తేరు ముఖంలో ఏ మార్పూ లేదు. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఒక్కటే అడిగింది.

"చేపకు నొప్పి పుట్టుద్దన్న సంగతి వాళ్లకి చెప్పారా సార్?"

"చెప్పలేదమ్మా."

"తెలిసీ?"

"తెలిసే."

తల ఊపింది. పేపరు చూసుకుని, తప్పెక్కడో తెలిసిన పిల్లలా ఊపింది. తరువాత పాస్టరు గారి సమాధి ఎక్కడని అడిగింది. చెప్పాను. లోపలికెళ్లి చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరికి లాగి, నేను వచ్చిన ఆటోలోనే ఎక్కి వెళ్లిపోయింది. నన్ను రమ్మనలేదు. వెనక్కి చూడలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగి ఉంటే, మర్యాదకు క్షమించేదేమో, ఆ బరువు కూడా దాని మీద నేను పెట్టదలచుకోలేదు.

ఆటో వెళ్లిపోయాక ఆ వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. ఒడ్డున పడవలు లాగిపెట్టి ఉన్నాయి. వాటి నీడలో పిల్లలెవరూ లేరు. ఎండలో రోడ్డుదాకా నడిచి బస్సెక్కి ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె నా ముఖం చూసి, అన్నం పెట్టి, అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

ఈ ఏడు గురుపూజోత్సవం నాడు ఫోను మోగదు. మోగకపోతే నాకు ఎలా ఉంటుందో తెలియదు. పుస్తకాలు తిరిగిరావు. పాస్టరు గారు తిరిగిరారు. అవి రాకపోయినా నాకు కొంచెం ఊపిరాడుతోంది, అందుకు సిగ్గేస్తోంది కూడా. ఆ గదిలో నన్ను అడిగిన ప్రశ్నకు నేను జవాబు బాకీ ఉన్నాను. అడిగినాయన లేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

తేడా ఉందండీ. ఆ పిల్ల చేపకు నొప్పి పుడుతుంది.